ఇంటి దగ్గర ఆఫీసు ఎక్స్‌టెన్షన్: 5060 పోర్టు తెరవకుండా పెట్టుకునే పద్ధతి

ఇంట్లో ఉన్న ఫోన్‌ని ఆఫీసు ఫోన్ సిస్టమ్‌కి, అంటే పీబీఎక్స్‌కి, కలపడానికి ఒక అడ్డదారి ఉంది. ఆఫీసు రౌటర్‌లోకి వెళ్ళి, సిప్ (ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి) వాడే 5060 పోర్టును పీబీఎక్స్‌కి ఫార్వర్డ్ చేస్తే చాలు, పది నిమిషాల్లో ఇంట్లో ఫోన్ మోగుతుంది. చిన్న ఆఫీసుల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే. దయచేసి అది చేయకండి.

ఒకసారి పరీక్ష కోసమే కొత్త పబ్లిక్ ఐపీ మీద ఆ పోర్టు తెరిచి, టీ తాగి వచ్చి లాగ్ చూశాను. అప్పటికే ఎవరో 100, 101, 102 అంటూ వరసపెట్టి ఎక్స్‌టెన్షన్లు తడుముతున్నారు. యూజర్ ఏజెంట్ దగ్గర ‘ఫ్రెండ్లీ స్కానర్’ అని ఉంది. సిప్‌విషస్ అనే ఉచిత టూల్ తన గురించి చెప్పుకునే పేరది. సెక్యూరిటీ పరీక్షలకని రాసిన టూల్ అది, దొంగలకీ అందుబాటులోనే ఉంది.

దొంగకి మీ మాటలతో పని లేదు, మీ లైనుతో పని. ఒక్క ఎక్స్‌టెన్షన్ పాస్‌వర్డ్ దొరికితే మీ ట్రంక్ (టెలిఫోన్ కంపెనీ మీ పీబీఎక్స్‌కి ఇచ్చిన లైను) మీదుగా విదేశాల్లోని ప్రీమియం నంబర్లకి గంటల తరబడి కాల్స్ కొడతాడు. ఆ నంబర్లకి వచ్చే ఆదాయంలో అతనికి వాటా ఉంటుంది, బిల్లు మాత్రం మీకొస్తుంది. నాకు తెలిసిన ఒక ఆఫీసులో 201 ఎక్స్‌టెన్షన్‌కి పాస్‌వర్డ్ కూడా 201. శనివారం రాత్రి మొదలైన కాల్స్ సోమవారం పొద్దున ఓనరుగారు “లైన్లన్నీ బిజీ వస్తున్నాయండీ” అని ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ బిల్లు ఆయన వాయిదాల్లో కట్టుకున్నారు. అందుకే ఈ పని ఎవరు అడిగినా వీపీఎన్‌తోనే, అంటే ఇంటర్నెట్ మీదుగా వేసే రహస్య దారి (టన్నెల్)తోనే చేస్తాను. పీబీఎక్స్‌ని ఇంటర్నెట్‌కి చూపించకుండా, ఇంట్లో ఉన్న ఫోన్‌నే ఆఫీసు నెట్‌వర్క్ లోపలికి తీసుకురావాలి.

ఇక్కడ ఉదాహరణగా విజయవాడలో 12 మంది పనిచేసే ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసును తీసుకుందాం. ముగ్గురు ఇంటి నుంచి పని చేస్తారు: ఒకరు తెనాలిలో, ఒకరు గుడివాడలో, ఒకరు హైదరాబాద్‌లో. పీబీఎక్స్ ఫ్రీపీబీఎక్స్ 17, అంటే లోపల ఆస్టరిస్క్, అడుగున డెబియన్ 12. రౌటర్ మైక్రోటిక్, రౌటర్‌ఓఎస్ 7. వీపీఎన్ వైర్‌గార్డ్. మీ దగ్గర వేరే కంపెనీ పెట్టె ఉంటే మెనూల పేర్లు మారతాయి కానీ పని వరస ఇదే.

పని మొదలుపెట్టే ముందు

మొదట ఆఫీసుకి నిజమైన పబ్లిక్ ఐపీ ఉందో లేదో చూడండి. రౌటర్‌లో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఏదైనా అంకెతో మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టు. ఒకే పబ్లిక్ అడ్రస్‌ని ప్రొవైడర్ ఎంతోమందికి పంచి ఇస్తున్నాడన్నమాట. అలాంటి కనెక్షన్‌కి బయటి నుంచి ఎవరూ రాలేరు. ప్రొవైడర్‌ని అడిగి స్టాటిక్ ఐపీ తీసుకోండి. అది కుదరకపోతే క్లౌడ్‌లో చిన్న లినక్స్ సర్వర్ తీసుకుని వైర్‌గార్డ్‌ని దాని మీద పెట్టండి, ఆఫీసూ ఇళ్ళూ అన్నీ అక్కడికే వచ్చి కలుస్తాయి. ఏడబ్ల్యూఎస్‌కి 2022 నుంచి హైదరాబాద్‌లోనే రీజియన్ ఉంది కాబట్టి మాట ఆలస్యమవుతుందన్న భయం అక్కర్లేదు.

రెండోది ఆఫీసు నెట్‌వర్క్ నంబర్లు. ఇళ్ళలో రౌటర్లు ఎక్కువగా 192.168.0 లేదా 192.168.1 సిరీస్ ఇస్తాయి. ఆఫీసులోనూ అదే సిరీస్ ఉంటే ఇంట్లో ల్యాప్‌టాప్‌కి పీబీఎక్స్ పక్క గదిలో ఉందో విజయవాడలో ఉందో తేలదు. మన ఉదాహరణలో ఆఫీసు 192.168.10.0/24, పీబీఎక్స్ 192.168.10.5. టన్నెల్ కోసం వేరే సిరీస్, 10.20.30.0/24. సిరీస్ మార్చాల్సి వస్తే ఆదివారం చేయండి. ప్రింటర్లు, కెమెరాలు, బయోమెట్రిక్ మిషన్ అన్నీ ఒకసారి తిప్పి చూసుకోవాలి.

ఇక బ్యాండ్‌విడ్త్ గురించి పెద్ద బెంగ అక్కర్లేదు. మాటని డేటాగా మార్చే జీ.711 పద్ధతిలో మాట సెకనుకి 50 ప్యాకెట్లుగా వెళ్తుంది. ఒక్కో ప్యాకెట్‌లో 160 బైట్ల మాట, 40 బైట్ల హెడర్లు, అంటే 80 కేబీపీఎస్. వైర్‌గార్డ్ తొడుగుతో కలిపి ఒక్కో దిశలో 110 కేబీపీఎస్ లోపే. ముగ్గురికి అది లెక్కలోకే రాదు. ఇబ్బంది పెట్టేది స్పీడు కాదు, ఇంట్లో వైఫై. ఆ సంగతి కిందకి వస్తుంది.

టన్నెల్ వేయడం

మైక్రోటిక్ సెట్టింగ్స్ మార్చే విన్‌బాక్స్ యాప్‌లో వైర్‌గార్డ్ మెనూకి వెళ్ళి కొత్త ఇంటర్‌ఫేస్ చేయండి. కీలు అదే తయారు చేసుకుంటుంది, పోర్టు 13231 అని అదే వేస్తుంది, అలాగే ఉంచండి. ఐపీ, అడ్రసెస్‌లో ఆ ఇంటర్‌ఫేస్‌కి 10.20.30.1/24 ఇవ్వండి.

ఇప్పుడు తెనాలి ఉద్యోగిని ల్యాప్‌టాప్‌లో వైర్‌గార్డ్ యాప్ తెరిచి ఖాళీ టన్నెల్ ఒకటి కొత్తగా చేయండి. యాప్ అక్కడికక్కడే ఒక ప్రైవేట్ కీ, దానికి జోడీగా పబ్లిక్ కీ పుట్టిస్తుంది. రౌటర్‌లోకి తేవాల్సింది ఆ పబ్లిక్ కీ ఒక్కటే. ప్రైవేట్ కీ ఆ ల్యాప్‌టాప్ దాటి వెళ్ళకూడదు. సులువుగా ఉంటుందని అందరి కాన్ఫిగ్ ఫైళ్ళూ ఆఫీసులో తయారుచేసి వాట్సాప్‌లో పంపేవాళ్ళని చూశాను. ఆ ఫైలు ఎవరి చేతికి చిక్కితే వాళ్ళు మీ ఆఫీసు లోపల ఉన్నట్టే.

రౌటర్‌లో పీర్స్ (టన్నెల్ అవతలి పరికరాల పట్టిక) కింద ఆమె పబ్లిక్ కీ పెట్టి, అలౌడ్ అడ్రస్ 10.20.30.11/32 ఇవ్వండి. రెండో మనిషికి 12, మూడో మనిషికి 13. కామెంట్‌లో మనిషి పేరు, పరికరం పేరు రాయండి. ఏడాది తర్వాత ఆ వరసలు చూసేటప్పుడు మీకు దిక్కు ఆ కామెంటే.

ల్యాప్‌టాప్ వైపు ఇంటర్‌ఫేస్ అడ్రస్ 10.20.30.11/32. పీర్‌లో రౌటర్ పబ్లిక్ కీ, ఎండ్‌పాయింట్‌లో ఆఫీసు పబ్లిక్ ఐపీ, కోలన్, 13231. అలౌడ్ ఐపీస్ అన్న గడిలో మాత్రం జాగ్రత్త. 0.0.0.0/0 అని వేస్తే ఆమె ఇంట్లో చూసే యూట్యూబ్ కూడా ఆఫీసు మీదుగా తిరిగొస్తుంది. 192.168.10.5/32, 10.20.30.1/32 అని రెండే ఇవ్వండి. పర్‌సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 పెట్టండి. కాసేపు ప్యాకెట్ ఏదీ రాకపోతే ఇంటి రౌటరూ మొబైల్ నెట్‌వర్కూ ఆ దారిని మర్చిపోతాయి, అప్పుడు ఆఫీసు నుంచి కాల్ పంపినా ఆమెకి చేరదు. 25 సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ వెళ్తుంటే దారి తెరిచే ఉంటుంది.

వైర్‌గార్డ్‌లో నాకు బాగా నచ్చేది దాని మౌనం. సరైన కీ లేని ప్యాకెట్ వస్తే ‘తప్పు’ అని కూడా జవాబివ్వదు. స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో నడుస్తోందన్న ఆనవాలే దొరకదు.

రౌటర్ ఫైర్‌వాల్

ఇన్‌పుట్ చైన్‌లో (రౌటర్‌కే వచ్చే ప్యాకెట్ల రూల్స్) యూడీపీ 13231కి యాక్సెప్ట్ రూల్ ఒకటి రాసి, డ్రాప్ రూల్‌కి పైన పెట్టండి. బయటికి తెరుస్తున్నది ఇదొక్కటే.

తర్వాత ఫార్వర్డ్ చైన్, అంటే రౌటర్ దాటి లోపలికి వెళ్ళే ప్యాకెట్ల రూల్స్. మైక్రోటిక్‌తో వచ్చే రూల్స్ వ్యాన్ నుంచి వచ్చేవాటినే ఆపుతాయి, వైర్‌గార్డ్ నుంచి వచ్చేవాటిని ఆపవు. అంటే ఇంట్లో ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్ మార్చుకుంటే అకౌంట్స్ సర్వర్ దాకా దారి దొరుకుతుంది. కాబట్టి మూడు రూల్స్ ఈ వరసలోనే రాయండి. వైర్‌గార్డ్ నుంచి 192.168.10.5కి యూడీపీ 5060 యాక్సెప్ట్. అక్కడికే యూడీపీ 10000–20000 యాక్సెప్ట్, మాట వెళ్ళే పోర్టులివి. వైర్‌గార్డ్ నుంచి ఇంకేం వచ్చినా డ్రాప్. ఇంట్లో పిల్లలు వాడే ల్యాప్‌టాప్‌కి వైరస్ సోకినా అది ఈ రూల్ దగ్గర ఆగిపోవాలి.

వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్‌ని ల్యాన్ లిస్టులో చేర్చమని చాలాచోట్ల చెబుతారు. మనకి అది వద్దు. చేరిస్తే రౌటర్ అడ్మిన్ పేజీ కూడా ఇళ్ళ నుంచి తెరుచుకుంటుంది.

ఇంకో రెండు పనులు. ఐపీ, ఫైర్‌వాల్, సర్వీస్ పోర్ట్స్‌లో సిప్ అనే వరసని డిజేబుల్ చేయండి. ఇతర రౌటర్లలో దీన్నే సిప్ ఏఎల్‌జీ అంటారు. సాయం చేస్తున్నాననుకుని సిప్ మెసేజ్‌లోని అడ్రసులు మార్చి కాల్స్ పాడుచేసే ఫీచర్ ఇది. ఇక న్యాట్ ట్యాబ్‌లో ఎవరో ఎప్పుడో వేసిన 5060 ఫార్వర్డ్ రూల్ ఉంటే తీసేయండి. సిప్ ట్రంక్‌కి అది కావాలని ప్రొవైడర్ అంటే, సోర్స్ అడ్రస్‌గా ఆ ప్రొవైడర్ ఐపీ ఒక్కటే ఇచ్చి ఉంచండి.

పీబీఎక్స్‌లో

సెట్టింగ్స్, ఆస్టరిస్క్ సిప్ సెట్టింగ్స్‌కి వెళ్ళండి. అక్కడ లోకల్ నెట్‌వర్క్స్ అని ఒక పట్టిక ఉంటుంది. అందులో 192.168.10.0/24 ఉంటుంది. దాని కింద 10.20.30.0/24 చేర్చి, సబ్మిట్ చేసి, అప్లై కాన్ఫిగ్ నొక్కండి.

ఈ ఒక్క వరస గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది మర్చిపోయి నేను ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. ఫోన్ రిజిస్టర్ అయింది, మోగింది. ఎత్తాక ఇంట్లో ఉన్న ఉద్యోగిని అంది: “అన్నా, వాళ్ళ మాట నాకు వినపడుతోంది, నా మాటే వాళ్ళకి వెళ్ళట్లేదు.” ఆమె తనే కాల్ చేస్తే అది సరిగ్గా అర నిమిషం దాటాక తెగిపోతోంది. సిప్ మెసేజ్‌లు చూపించే ఎస్‌ఎన్‌గ్రెప్ అనే టూల్ తెరిచి మెసేజ్‌లు ఒక్కొక్కటే చదివితే విషయం అర్థమైంది. సిప్ కాల్‌లో పిలుపు ఒక దారిలో, మాట ఇంకో దారిలో వెళ్తాయి. మాట ఏ అడ్రస్‌కి పంపాలో ఫోన్‌కి పీబీఎక్స్ రాసి చెబుతుంది. 10.20.30 సిరీస్ తనదని పీబీఎక్స్‌కి తెలియకపోవడంతో, ఈ ఫోన్ బయటెక్కడో ఉందనుకుని తన పబ్లిక్ ఐపీ రాసి పంపింది. ఫోన్ తన మాటని టన్నెల్ వదిలేసి ఆ పబ్లిక్ ఐపీకి పంపింది. రౌటర్ దాన్ని పారేసింది. పీబీఎక్స్ నుంచి వచ్చే మాట మాత్రం టన్నెల్‌లోంచి చక్కగా వచ్చింది, అందుకే ఆమెకి వినపడింది.

అర నిమిషానికి తెగడానికి కూడా కారణం అదే. కాల్ ఎత్తగానే పీబీఎక్స్ ‘200 ఓకే’ అంటుంది, ఫోన్ తిరిగి ‘ఏసీకే’ అనాలి. ఆ ఏసీకే కూడా పబ్లిక్ ఐపీకే వెళ్ళి పోయింది. సిప్‌లో టీ1 అనే టైమర్ అర సెకను, దానికి 64 రెట్లు ఎదురుచూసి, అంటే 32 సెకన్లు చూసి, పీబీఎక్స్ కాల్ తెంపేస్తుంది. 32 సెకన్లకి తెగే కాల్ ఎక్కడ కనపడినా నెట్ స్పీడుని తిట్టకండి, అడ్రస్ తప్పు ఎక్కడుందో వెతకండి.

అదే పేజీలో అనానిమస్ ఇన్‌బౌండ్ కాల్స్, సిప్ గెస్ట్స్ రెండూ ‘నో’ అని ఉండాలి. కోడెక్‌లలో (మాటని డేటాగా మార్చే పద్ధతులు) ఏ-లా (జీ.711లో ఒక రకం) పైన పెట్టండి, మన దేశంలో టెలిఫోన్ లైన్లు నడిచేది దాని మీదే. ట్రంక్ కూడా అదే అయితే పీబీఎక్స్‌కి మార్పిడి పని ఉండదు.

ఇక ఎక్స్‌టెన్షన్లు. ఎక్స్‌టెన్షన్స్ పేజీలో పీజేసిప్ రకం కొత్తది చేయండి. ఇంటి ఎక్స్‌టెన్షన్లకి వేరే వరస పెట్టుకోండి: 311, 312, 313. ఆఫీసు టేబుల్ మీద ఉన్న 211నే ఇంట్లో కూడా పెట్టాలని అందరూ అడుగుతారు. నేను ఒప్పుకోను. ల్యాప్‌టాప్ పోయిన రోజు 311 ఒక్కటే తీసేస్తే సరిపోవాలి. రెండుచోట్లా మోగాలంటే 211 ఫాలో మీలో 311 చేర్చండి. సీక్రెట్ గడిలో ఫ్రీపీబీఎక్స్ తనంతట తానే పెద్ద పాస్‌వర్డ్ వేస్తుంది, దాన్ని కదపకండి. రోజూ టైప్ చేసేది కాదు కాబట్టి గుర్తుండాల్సిన పని లేదు. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో డైరెక్ట్ మీడియా ‘నో’, రీరైట్ కాంటాక్ట్, ఆర్‌టీపీ సిమెట్రిక్, ఫోర్స్ ఆర్‌పోర్ట్ ‘యస్’, మ్యాక్స్ కాంటాక్ట్స్ 1.

వాయిస్ మెయిల్ ఇస్తే దాని పాస్‌వర్డ్ ఎక్స్‌టెన్షన్ నంబరే కాకుండా చూసుకోండి. అక్కర్లేకపోతే అసలు ఇవ్వకండి.

అడ్మిన్ పేజీ ఇంటర్నెట్ నుంచి తెరుచుకోకూడదు. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్‌లో సీవీఈ-2025-57819 అనే లోపం బయటపడింది. ప్యాచ్ రాకముందే, అడ్మిన్ పేజీ ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న సర్వర్లలోకి పాస్‌వర్డ్ లేకుండా చొరబడ్డారు. అంత పెద్ద లోపం ఉన్నా, పేజీ బయటికి కనపడని ఆఫీసులకి ఇంటర్నెట్ నుంచి ఎవరూ రాలేకపోయారు. అప్‌డేట్లు ఎలాగూ వేయాలి, పేజీని మాత్రం లోపలే ఉంచండి.

బయటికి వెళ్ళే కాల్స్‌కి తాళం

ఎవరైనా లోపలికి వచ్చేశారనే అనుకుని ఈ భాగం చేయండి. అవుట్‌బౌండ్ రూట్స్‌లో ‘ఏ నంబరైనా పంపు’ అనే ప్యాటర్న్ ఉంటే తీసేయండి. 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలయ్యే 10 అంకెల మొబైల్ నంబర్లకి ఒకటి, 0 తర్వాత 1 నుంచి 9 వచ్చే ఎస్‌టీడీకి ఒకటి, లోకల్ ల్యాండ్‌లైన్లకి ఒకటి రాయండి. 00తో మొదలయ్యేది ఏ ప్యాటర్న్‌లోనూ ఇమడకూడదు. విదేశీ క్లయింట్లు ఉంటే ఐఎస్‌డీకి వేరే రూట్ చేసి, రూట్ పాస్‌వర్డ్ పెట్టి, ఆ దేశాల కోడ్‌లు మాత్రమే రాయండి. *72 కాల్ ఫార్వర్డ్ ఫీచర్ కోడ్‌ని కూడా ఆపేయండి, ఎక్స్‌టెన్షన్‌ని బయటి నంబరుకి మళ్ళించి లైను వాడుకోవడం పాత ఎత్తు.

వీటన్నిటికంటే గట్టి తాళం మీ చేతిలో లేదు, ట్రంక్ ఇచ్చిన కంపెనీ దగ్గర ఉంది. ఐఎస్‌డీ ఆపేయమని, రోజువారీ ఖర్చుకి హద్దు పెట్టమని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. పీబీఎక్స్ మొత్తం దొంగ చేతిలో పడినా ఆ తాళం పనిచేస్తుంది.

ఇంట్లో ఫోన్

విండోస్ ల్యాప్‌టాప్‌లో మైక్రోసిప్ తేలిక. లిన్‌ఫోన్ విండోస్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉంటుంది. సర్వర్ గడిలో పబ్లిక్ ఐపీ కాదు, 192.168.10.5 అని వేయాలి. యూజర్ 311, పాస్‌వర్డ్ ఆ పెద్ద సీక్రెట్. దాన్ని మీరే కూర్చుని పేస్ట్ చేయండి.

ఆండ్రాయిడ్‌లో సాఫ్ట్‌ఫోన్‌కీ వైర్‌గార్డ్‌కీ బ్యాటరీ సెట్టింగ్ ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ చేయాలి, లేకపోతే స్క్రీన్ ఆరిన కాసేపటికి ఫోన్ మోగడం మానేస్తుంది. ఐఫోన్ మీద ఈ పద్ధతిని నేను నమ్ముకోను. వెనక్కి వెళ్ళిన యాప్‌ని అది నిద్రపుచ్చుతుంది, పుష్ సర్వీస్ లేకుండా కాల్ రాదు. ఐఫోన్ ఉన్నవాళ్ళకి ల్యాప్‌టాప్ లేదా డెస్క్ ఫోన్ ఇవ్వండి. డెస్క్ ఫోన్ అయితే ఇంట్లో చిన్న మైక్రోటిక్ పెట్టి టన్నెల్‌ని దాని మీదే వేయొచ్చు. యీలింక్, గ్రాండ్‌స్ట్రీమ్ ఫోన్లలో చాలా మోడళ్ళకి ఓపెన్‌వీపీఎన్ లోపలే ఉంటుంది.

హెడ్‌సెట్ వైరుది కొనివ్వండి. వీలైతే ల్యాప్‌టాప్‌కి కూడా కేబుల్ వేయించండి. మాట ముక్కలుముక్కలుగా వస్తోందన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం నేను రెండు గదుల అవతలి వైఫై దగ్గరే తేల్చాను.

ఒక విషయం మనుషులకి నోటితో చెప్పండి: ఇంట్లో ఏదైనా ప్రమాదం జరిగితే 112కి ఈ ఎక్స్‌టెన్షన్ నుంచి చేయకూడదు. కాల్ విజయవాడ ఆఫీసు లైను మీద వెళ్తుంది, సాయం తెనాలికి రావాలి. మొబైల్ నుంచే చేయాలి.

పరీక్ష

వైర్‌గార్డ్ యాప్‌లో లేటెస్ట్ హ్యాండ్‌షేక్ పక్కన టైమ్ కనపడాలి. 10.20.30.1కి పింగ్ రావాలి. తర్వాత 311 నుంచి *43 నొక్కండి, మీ మాట మీకే తిరిగి వినపడితే రెండు దారులూ బాగున్నట్టు. మొబైల్‌కి కాల్ చేసి నిమిషం మాట్లాడండి, 32 సెకన్ల గండం దాటాలి. బయటి నుంచి రప్పించండి, హోల్డ్‌లో పెట్టండి, 211కి ట్రాన్స్‌ఫర్ చేయండి. ఒక కాల్‌ని 20 నిమిషాలు వదిలేయండి. సరిగ్గా 15 నిమిషాలకి తెగితే సెషన్ టైమర్ (కాల్ ఇంకా నడుస్తోందో లేదో చూసేది) దగ్గర తేడా ఉంది: ఆస్టరిస్క్‌లో దాని గడువు 1800 సెకన్లు, సగంలో ఒకసారి తిరగరాస్తుంది. కావాలని 00 నంబరు ఒకటి కొట్టండి, వెళ్ళకూడదు. చివరగా వైర్‌గార్డ్ ఆపేసి, సర్వర్ గడిలో తాత్కాలికంగా ఆఫీసు పబ్లిక్ ఐపీ వేసి చూడండి, సాఫ్ట్‌ఫోన్ రిజిస్టర్ కాకూడదు. అయిందంటే 5060 ఎక్కడో ఇంకా తెరిచే ఉంది.

ఈ పరీక్షంతా ఇంటి నెట్ మీద ఒకసారి, మొబైల్ హాట్‌స్పాట్ మీద ఒకసారి చేయండి.

వీపీఎన్ అసలు కుదరని చోట

కొన్నిచోట్ల వీపీఎన్ పెట్టనివ్వరు. అప్పుడు సిప్ మెసేజ్‌లకి టీఎల్ఎస్ తాళం వేసి 5061 పోర్టు మీద, మాటకి ఎస్ఆర్‌టీపీ తాళం. రెండూ కలిపే పెట్టాలి. ఎస్‌డీఈఎస్ పద్ధతిలో మాటకి వేసే తాళం చెవి సిప్ మెసేజ్‌లోనే వెళ్తుంది, టీఎల్ఎస్ లేకపోతే ఆ తాళం చెవి దారిలో అందరికీ కనపడుతుంది. డొమైన్ పేరుకి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తీసుకుని, దానంతటదే రెన్యూ అయ్యేలా చూడండి. పదేపదే తప్పు పాస్‌వర్డ్ కొట్టే ఐపీలని ఆపే ఫెయిల్‌టుబ్యాన్, ఫ్రీపీబీఎక్స్ రెస్పాన్సివ్ ఫైర్‌వాల్ ఆన్ చేయండి. ఇంటికి స్టాటిక్ ఐపీ ఉంటే ఆ ఐపీకి మాత్రమే తెరవండి. పోర్టు నంబరు మార్చినంత మాత్రాన రక్షణ రాదు, లాగ్‌లో గోల తగ్గుతుందంతే.

కాల్ సెంటర్ తరహా పని చేసే ఆఫీసులకి ఒక మాట. 2021 జూన్‌లో టెలికాం శాఖ ఓఎస్‌పీ (కాల్ సెంటర్ లాంటి సంస్థల) మార్గదర్శకాలు సడలించాక ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి రిమోట్ ఏజెంట్లు ఆఫీసు ఈపీఏబీఎక్స్‌కి (పీబీఎక్స్‌కే ఇంకో పేరు) కలవొచ్చు. టోల్ బైపాస్, అంటే టెలికాం కంపెనీల దారి తప్పించి ఇంటర్నెట్ మీదుగా తెచ్చిన కాల్‌ని ఇక్కడి లైన్లలోకి దించడం, మాత్రం నిషేధమే. డాలస్‌లో ఉన్న అబ్బాయికి ఒక ఎక్స్‌టెన్షన్ ఇచ్చి ఇక్కడి లైను మీద కాల్స్ చేయించాలని అడిగేవాళ్ళు ఉంటారు. అది పెట్టే ముందు ట్రంక్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

నెలకోసారి, మనిషి మానేసినప్పుడు

నెలకోసారి రౌటర్ పీర్స్ పట్టిక తెరిచి లాస్ట్ హ్యాండ్‌షేక్ గడి చూడండి. వారాల తరబడి కదలని వరస ఉంటే ఎవరిదో అడిగి డిజేబుల్ చేయండి. సీడీఆర్ (కాల్స్ చిట్టా) రిపోర్టులో రాత్రి 9 తర్వాత, ఆదివారాల్లో వెళ్ళిన కాల్స్ మీద కన్నేయండి.

మనిషి మానేసిన రోజే, లెక్కలు తేల్చే ముందే, పీర్ వరస తీసేసి, ఎక్స్‌టెన్షన్ డిలీట్ చేసి, 211 ఫాలో మీలోంచి ఆ నంబరు తొలగించండి. మూడూ కలిపి ఐదు నిమిషాల పని. అదే నంబరుని కొత్తగా చేరినవాళ్ళకి ఇవ్వాలంటే కొత్త కీ, కొత్త సీక్రెట్‌తో మళ్ళీ మొదటి నుంచి చేయండి.